ముఖానికి పనికొచ్చే టిష్యూ: రాయగడ యూనిట్ సరుకు మీద నా మాట

త్రెడింగ్ అయిన వెంటనే పైపెదవి మీద పెట్టే కాగితం ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం చిట్లించిందంటే ఆ ప్యాకెట్ నేను మళ్లీ కొనను. ఒడిశాలోని రాయగడలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు, ఒడియావాళ్లూ ఉంటారు. పెళ్లిళ్ల కాలంలో పార్వతీపురం, గుణుపురం నుంచి కూడా వస్తారు. క్రీముల తర్వాత నా దగ్గర ఎక్కువగా ఖర్చయ్యే సరుకు టిష్యూ కాగితమే. ఊరి శివార్లలో టిష్యూ ప్యాక్ చేసి అమ్మే చిన్న యూనిట్ ఒకటి వచ్చాక ఎక్కువగా అక్కడే కొంటున్నాను. ఎలా ఉందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

వాళ్ల దగ్గర ముఖానికి కొనదగ్గది ఒక్కటే: వాసన లేని, రెండు పొరల ఫేషియల్ టిష్యూ. మిగతా రకాల్లో కొన్ని వాటి వాటి పనులకు బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం అసలు వద్దు. ఎందుకో చెప్పాలంటే కాగితం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఈ యూనిట్‌లో కాగితం తయారు కాదు. మిల్లులో తయారైన జంబో రోల్స్ లారీలో వస్తాయి. ఒక్కో రోల్ మనిషి చేతులు చాచినా కౌగిలికి అందనంత లావు. ఆ రోల్‌ను మెషిన్‌కు ఎక్కిస్తే విప్పుకుంటూ, మడుచుకుంటూ, కోసుకుంటూ పోతుంది. చివర నలుగురు ఆడవాళ్లు కూర్చుని లెక్కపెట్టి కవర్లలో పెడతారు. కాబట్టి టిష్యూ మెత్తదనంలో వీళ్ల చేతిలో ఉన్నది కొంతే, అసలు సంగతి రోల్ పుట్టిన చోటే తేలిపోతుంది. మంచి రోల్ తెప్పించడం, దాన్ని తడి తగలకుండా, దుమ్ము పట్టకుండా దాచడం, సరిగ్గా మడవడం, ఈ మూడూ వీళ్ల పని.

కాగితం సంగతులు మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డిస్తారు. నాన్న ఇక్కడి జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. 1962 నుంచి నడుస్తున్న ఆ మిల్లుకు పేరు వచ్చింది రాత కాగితంతో, ఫొటోకాపీ కాగితంతో. ఆయన లెక్కలో టిష్యూ కాగితమే కాదు. "సైజింగ్ లేనిది కాగితమా!" అంటారు. రాసే కాగితం మీద సిరా పాకకుండా ఉండాలని రోజిన్ లాంటి పదార్థం కలుపుతారు, దాన్నే సైజింగ్ అంటారు. టిష్యూలో అది కలిపితే తడి పీల్చదు. ఫొటోకాపీ కాగితం చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు తూగితే, ముఖం తుడిచే టిష్యూలో ఒక్కో పొర 15 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది.

ఇంత పల్చటి దానికి మెత్తదనం ఎలా వస్తుందని అడిగితే మాత్రం ఆయనకు హుషారు వచ్చింది. తడి గుజ్జు పొరను యాంకీ అనే పెద్ద సిలిండర్‌కు అతికిస్తారట. లోపల ఆవిరి నింపి కాగబెట్టే ఆ సిలిండర్ నిలువునా మనిషికి రెండు మూడింతల ఎత్తు ఉంటుంది. అది ఒక్క చుట్టు పూర్తిగా తిరగకముందే కాగితం ఆరిపోతుంది. అలా ఆరి అంటుకున్నదాన్ని, పెనం మీది అట్టును అట్లకాడతో లేపినట్టు, పొడవాటి బ్లేడు ఒకటి గీకి లేపుతుంది. ఆ దెబ్బకు కాగితం తనలోకి తాను ముడుచుకుని, కంటికి సరిగా ఆననంత సన్నటి ముడతలు పడుతుంది. టిష్యూను లాగితే కాస్త సాగేది ఆ ముడతల వల్లే, చేతికి మెత్తగా తగిలేదీ వాటివల్లే. బ్లేడు అరిగితే ముడతలు ముతకబడతాయి. అందుకే శ్రద్ధ ఉన్న మిల్లులో బ్లేడు తరచూ మారుస్తారు. మిగతాది పీచులో ఉంది. నీలగిరి గుజ్జులో పీచు మిల్లీమీటరు కన్నా పొట్టిగా ఉంటుంది, అది మెత్తదనం ఇస్తుంది. పైన్, స్ప్రూస్ లాంటి చలిదేశపు చెట్ల పీచు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది, అది చిరగకుండా పట్టి ఉంచుతుంది. రెండూ కలిపి వాడే మిల్లులు వీలైతే పొట్టి పీచును చర్మానికి తగిలే వైపు ఉంచుతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సిలిండర్‌కు ఆనుకున్న వైపు నునుపుగా, రెండో వైపు కాస్త గరుకుగా వస్తుంది. రెండు పొరలు జోడించేటప్పుడు నునుపు వైపులు బయటికి, గరుకు వైపులు లోపలికి పెడతారు. ఇది విన్నాక నేను ఏ టిష్యూ కొన్నా ముందు పొరలు విడదీసి చెంపకు ఆనించి చూస్తున్నాను. వేళ్లతో చూసి లాభం లేదు, పనిచేసే చేతుల వేళ్లు మొద్దుబారి ఉంటాయి. ఈ యూనిట్ ఫేషియల్ టిష్యూ ఈ పరీక్షలో బాగానే నెగ్గుతుంది. మధ్యలో వచ్చిన ఒక లాటు మాత్రం ఒక వైపు గరుకు తగిలింది. తీసుకెళ్లి చూపిస్తే యజమాని వాదించకుండా మార్చి ఇచ్చారు. ఎందుకలా వచ్చిందో ఆయన చెప్పలేదు, నేనూ తరచి అడగలేదు.

ఇక మెత్తగా ఉన్నదల్లా మంచిదనుకుంటే పొరపాటు. పీచును వదులు చేస్తేనే మెత్తదనం వస్తుంది, వదులైన పీచు ఊడుతుంది. నల్లటి జాకెట్టు ముక్క మీద టిష్యూను నాలుగుసార్లు దులిపి చూడండి. కొన్ని ఖరీదైన బాక్సుల టిష్యూ చేతికి వెన్నలా తగిలి, గుడ్డను మాత్రం తెల్లగా చేసేస్తుంది. క్లెన్సింగ్ మిల్క్ రాసిన ముఖం మీద ఆ నూగు అంటుకుంటే కనురెప్పల దాకా పాకుతుంది, లెన్సులు పెట్టుకునేవాళ్లు కళ్లు నలుపుకుంటారు. ఈ యూనిట్ టిష్యూ మెత్తదనంలో ఆ బాక్సులకు ఒక మెట్టు కిందే, నూగు విషయంలో వాటికన్నా చాలా నయం. నా పనికి నాకు ఈ బేరమే కావాలి.

తడి పరీక్ష కూడా చేయాలి. ఫేస్ ప్యాక్ తీసేటప్పుడు కాగితం తడిసి, బరువెక్కి, అయినా చిరగకుండా ఉండాలి. అందుకని ఫేషియల్ టిష్యూలోనూ కిచెన్ టవల్‌లోనూ తడికి తట్టుకునేలా రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం కలుపుతారు. టాయిలెట్ రోల్‌లో కలపరు, అది నీళ్లలో విడిపోవాలి కదా. గ్లాసు నీళ్లలో వేసి చెంచాతో తిప్పితే తేడా వెంటనే తెలుస్తుంది. యూనిట్ ఫేషియల్ టిష్యూ గ్లాసులో మడత విప్పుకుని తేలింది, ముక్కలు కాలేదు. చవగ్గా వస్తుందని టాయిలెట్ రోల్‌తో ఫేస్ ప్యాక్ తీసే పార్లర్లు ఉన్నాయి. గడ్డం కింద తెల్లటి తునకలతో పెళ్లిపీటల దాకా వెళ్లిన పెళ్లికూతురిని నేను చూశాను. అలాగే ఫేషియల్ టిష్యూను మరుగుదొడ్డిలో వేసి నీళ్లు కొడితే గొట్టానికి అడ్డం పడుతుంది, ఆ పని చేయకండి.

అన్నట్టు, ముఖం తుడిచే టిష్యూ మార్కెట్లోకి వచ్చిందే మా పనికోసం. 1924లో అమెరికాలో క్లీనెక్స్‌ను కోల్డ్ క్రీమ్ తుడుచుకునే కాగితంగా అమ్మారు. జనం దాన్ని జలుబు చేసినప్పుడు ముక్కు చీదుకోవడానికి వాడుకుంటున్నారని తెలిసి, 1930 ప్రాంతంలో ప్రకటనలు మార్చారు. టిష్యూ అంటే చేతిరుమాలు బదులు వాడేది అనుకునేవాళ్లకు ఇది చెబితే నమ్మరు.

ఇప్పుడు వద్దన్న రకం. గులాబీ వాసన పట్టించిన టిష్యూ ఒకటి అమ్ముతారు. ప్యాకెట్ చింపగానే గదంతా వాసన వస్తుంది, వచ్చినవాళ్లు బాగుందంటారు. వ్యాక్సింగ్ చేసిన ఒక కాలేజీ అమ్మాయికి ఒక చెయ్యి దీనితో, ఇంకో చెయ్యి మామూలు టిష్యూతో తుడిచాం, చేతికి అందిన ప్యాకెట్ అది కావడం వల్ల. వాసన టిష్యూతో తుడిచిన చేతికి సన్నటి దద్దుర్లు లేచాయి. వ్యాక్సింగ్ చేస్తే ఎవరికైనా ఎర్రబడుతుంది కదమ్మా అన్నారు యజమాని. ఎర్రబడుతుంది సరే, రెండో చెయ్యికి ఏమీ కాలేదు మరి. చర్మానికి తగిలి అలర్జీ తెచ్చే వాటిలో పరిమళ ద్రవ్యాలది ముందు వరుస అని చర్మ వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వెంట్రుక పీకిన చర్మం మీద, గీరుకున్న చర్మం మీద వాసన కాగితం ఎందుకు? వాసన కావాలంటే గదిలో అగరుబత్తి వెలిగించుకోవచ్చు.

కౌంటర్ దగ్గర బయటి సరుకు తడి వైప్స్ కూడా పెట్టారు. అవి కొనేవాళ్లు వెనక చిన్న అక్షరాలు చదవాలి. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థం వైప్స్‌లో ఉండి చాలామందికి చర్మం మీద పొక్కులు తెచ్చింది. 2013లో అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఇప్పుడు చాలా కంపెనీలు మానేశాయి గానీ, పేరు కనిపిస్తే పక్కన పెట్టండి. పసిపిల్లలకు వాడేవాళ్లయితే మరీను.

కలబంద లోషన్ పట్టించిన టిష్యూ జలుబుతో ముక్కు ఒరుసుకుపోయినవాళ్లకు హాయిగా ఉంటుంది. పార్లర్‌లో అది పనికిరాదు, చర్మం మీద జిడ్డు పొర వదులుతుంది, దాని మీద మేకప్ నిలవదు.

తెల్లదనం మీద జనానికి మోజు ఎక్కువ. నా దగ్గర నోట్లు చూసుకునే నీలం దీపం ఒకటి ఉంది. దాని కింద పెడితే కొన్ని టిష్యూలు నీలంగా మెరుస్తాయి. తెల్లదనం పెంచే రసాయనం పడిందన్నమాట, లేదా పాత ఆఫీసు కాగితాలు కరిగించిన గుజ్జు కలిసిందన్నమాట. మెరిసినంత మాత్రాన చర్మానికి హాని అని నేను అనను. కానీ "నూరు శాతం కొత్త గుజ్జు" అని అచ్చువేసిన ప్యాకెట్ మెరిస్తే ఆ అచ్చును అనుమానించాలి. యూనిట్ ఫేషియల్ టిష్యూ దీపం కింద మెరవకుండానే ఉండిపోయింది. వాళ్ల టేబుల్ నాప్కిన్ మాత్రం దీపావళి చేసింది. పాత కాగితం కరిగించి చేసిందేనని యజమానే ఒప్పుకున్నారు, దాచలేదు. ఆ మాట నాకు నచ్చింది.

ఆ నాప్కిన్ ఒకే పొర, మీద పూల అచ్చు గుద్ది ఉంటుంది. టిఫిన్ హోటళ్లకు, విందులకు చక్కగా సరిపోతుంది. వాళ్ల అమ్మకాల్లో ఎక్కువ భాగం అదే. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే యాత్రికులతో ఆదివారం, బుధవారం హోటళ్లు నిండిపోతాయి, కట్టలు కట్టలుగా పోతుంది. నూనె చేతులు తుడుచుకోవడానికి సరే, దాన్ని మాత్రం ముఖానికి పెట్టకండి. ఎర్ర రంగు అచ్చున్న రకంలో తడి తగిలితే రంగు కారుతుంది. అక్కడ ప్యాక్ చేసే అమ్మాయే నాకు చెప్పింది, "అక్కా, అది బల్ల మీదికి, మీకు వద్దు" అని.

వెదురు గుజ్జు టిష్యూ గోధుమ రంగులో ఉంటుంది, తెల్లబరచలేదు కాబట్టి. ఇక్కడి కొండల్లో వెదురు బాగా పెరుగుతుంది కాబట్టి మనసుకు దగ్గరగా అనిపించి కొన్నాను. బలం బాగుంది, మెత్తదనం కాస్త తక్కువ. వచ్చినవాళ్లు రంగు చూసి "ఇది వాడిందా?" అని అడుగుతున్నారు. ఇంట్లో వాడుకుంటున్నాం.

కొనేటప్పుడు లెక్క చూసుకోండి. ఒక ప్యాకెట్ మీద 200 షీట్లు అని, ఇంకోదాని మీద 100 పుల్స్ అని ఉంటే రెండూ ఒకటే కావచ్చు. రెండు పొరల టిష్యూ ఒకసారి లాగితే రెండు షీట్లు వస్తాయి. ఈ యూనిట్ పుల్స్ లెక్కనే రాస్తుంది, లెక్కపెడితే సరిగ్గానే ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక రకం లెక్కకు తక్కువే కాక, నలిగిపోయి వచ్చింది.

ఫిర్యాదు చేయాల్సింది కవర్ గురించి. పల్చటి ప్లాస్టిక్ కవర్‌కు చింపే గీత సరిగ్గా పడదు. మొదటి టిష్యూ లాగితే గుప్పెడు బయటికొస్తాయి, వానాకాలంలో తెరిచిన ప్యాకెట్ చెమ్మ పట్టి మెత్తబడి, లాగుతుంటేనే చిరుగుతుంది. నేను మూతున్న డబ్బాలోకి మార్చి వాడుతున్నాను. గీత సంగతి చెబితే కత్తి మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు. అట్టపెట్టెలో కూడా ఇస్తారు, దానికి ఈ బాధ లేదు. కానీ పెట్టెల స్టాకు ఎప్పుడూ తక్కువే, పెళ్లిళ్ల కాలంలో అసలు దొరకవు. కావలసినవాళ్లు ముందుగా ఫోను చేసి చెప్పి, వాసన లేనిదేనని రెండుసార్లు అడిగి మరీ తెచ్చుకోండి. రెండు రకాల పెట్టెల మీదా ఒకే పువ్వు బొమ్మ ఉంటుంది.