వన్‌టౌన్‌లో దిగితేనే విశాఖ తెలుస్తుంది

విశాఖపట్నం వెళ్లినవాళ్లు చాలామంది ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి చూసి తిరుగు రైలెక్కేస్తారు. నన్నడిగితే, 1933లో ఓడరేవు తెరిచిన నాటి నుంచీ దాన్ని అంటిపెట్టుకుని బతుకుతున్న పాత ఊరు వన్‌టౌన్‌ను చూడకుండా ఆ ఊరు చూశామనడం అన్యాయం.

మొదట బీచ్ రోడ్డులో ఒక హోటల్లో దిగాను. గది బాగుంది, కిటికీ తీస్తే సముద్రమే. కానీ తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్తానంటే అక్కడివాళ్లు ముఖం చిట్లించారు, ఆటో మాట్లాడిపెట్టమన్నా పట్టించుకోలేదు. మర్నాడే వన్‌టౌన్‌లో ఒక పాత లాడ్జికి మారాను. గది ఇరుకు. కిటికీ చువ్వలను పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ ఓడరేవు నుంచి వచ్చే నల్లటి బొగ్గు పొడి. ఆ గాలినే రోజూ పీల్చే పిల్లలను తలచుకుంటే బాధేసింది. అయినా లాడ్జి యజమాని చీకటితోనే లేచి, తనకు తెలిసిన ఆటో అతన్ని పిలిపించాడు.

రేవులో వేలం చూసి తీరాలి. బోటు ఆగీ ఆగగానే గంపలు దిగుతాయి, ధర అరుపుల్లోనే తేలిపోతుంది. దారికి అడ్డంగా నిలబడితే, "కొనకపోతే కాస్త పక్కకు జరుగు బాబూ" అంది ఒక పెద్దావిడ. సందడి తగ్గాక ఆవిడే పిలిచి వంజరం చేప మొప్ప ఎత్తి చూపింది: "ఇలా ఎర్రగా ఉంటేనే డబ్బు తియ్యి." పక్కనే వల సర్దుతున్న కళాసీ 2023 నవంబరులో ఇక్కడ బోట్లు తగలబడిన రాత్రి గురించి చాలాసేపు చెప్పాడు. బోటు పోతే యజమానితో పాటు దాని మీద పనిచేసే అందరి కూలీ పోతుందని అతని మాటల్లోనే అర్థమైంది.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికీ వెళ్లండి. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరైనా స్వయంగా పూజ చేసుకోవచ్చు. మార్గశిరంలో మాత్రం విపరీతమైన రద్దీ. రాస్ హిల్ చర్చి దగ్గరి నుంచి ఓడలు లోపలికి వచ్చే కాలువ కనిపిస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అప్పుడు వేలం హడావుడి ఉండదు. మనుషులతో మాట్లాడాలనుకుంటే మాత్రం నేను ఆ రోజులే ఎంచుకోమంటాను. బోట్లకు రంగులు వేస్తూ, వలలు బాగుచేసుకుంటూ వాళ్లు ఒడ్డునే ఉంటారు.