సైటు డ్రాయింగులకు గూగుల్ డ్రైవ్: ఐదేళ్లు వాడాక మా అభిప్రాయం

నెల్లూరు చుట్టుపక్కల లేచే అపార్టుమెంట్లు, కల్యాణ మండపాలు, గోడౌన్లలో చాలావాటికి ఆర్కిటెక్టు చెన్నైలో ఉంటారు, స్ట్రక్చరల్ ఇంజనీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారు. సైటేమో మైపాడు రోడ్డులోనో కావలిలోనో ఉంటుంది. ఒకే షీటు అందరి చేతుల్లో ఉండాలంటే ఆన్‌లైన్ తప్ప దారి లేదు. ఐదేళ్లుగా ఈ పనంతా గూగుల్ డ్రైవ్, గూగుల్ షీట్స్ మీద నడిపిస్తున్నాం. రెండు పెద్ద పనుల్లో మాత్రం క్లయింటు పట్టుబట్టడంతో ఆటోడెస్క్ డాక్స్ (నిర్మాణ డ్రాయింగుల కోసం డబ్బు కట్టి వాడే ఆన్‌లైన్ సేవ) వాడాం. ఐదంతస్తుల లోపు భవనానికి డ్రైవ్ చాలు. అయితే దాన్ని ఫైళ్లు పడేసే గోదాములా వాడితే వాట్సాప్‌కీ దానికీ తేడా ఏమీ మిగలదు.

వాట్సాప్‌తో అసలు చిక్కు ఫొటో మసకబారడం కాదు, డాక్యుమెంటుగా పంపితే అది తీరిపోతుంది. చిక్కల్లా పంపిన ప్రతి షీటూ ఒక్కో ఫోనులో ఒక్కో కాపీగా దిగిపోవడం. రివిజన్ 2 వచ్చినా రివిజన్ 1 ఆ ఫోనుల్లో అలాగే ఉంటుంది. కమ్మి మేస్త్రి పైకి జరిపి వెతుకుతాడు, ముందు కనపడింది తెరుస్తాడు. తప్పు అతనిది కాదు.

దాని ఫలితం ఒక్క రింగులో (కాలమ్ నిలువు కమ్ముల చుట్టూ కట్టే వంచిన కమ్మి) చూపించవచ్చు. 300 × 450 మి.మీ. కాలమ్‌కి మొదటి షీటులో కవర్ (కమ్మిని కప్పి ఉండే కాంక్రీటు మందం) 40 మి.మీ. అని ఉంది. బయటి కొలతతో రింగు 220 × 370 వస్తుంది. సైటు సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉందని డిజైనర్ గుర్తించి, ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం 'సివియర్' (తీవ్ర వాతావరణం) కిందికి తెచ్చి కవర్‌ని 45కి మార్చారు. ఇప్పుడు రింగు 210 × 360 కావాలి. తేడా పది మిల్లీమీటర్లే. కానీ పాత షీటు చూసి రెండు వందల రింగులు వంచేసి ఉంటే, కాలమ్ బాక్సు (కాంక్రీటు పోసే అచ్చు) మూసేటప్పుడు 220కి రెండు వైపులా 45 కవర్ బిళ్ళలు (కమ్మిని బాక్సుకి అంటకుండా ఆపేవి) కలిపి 310 అవుతుంది, బాక్సు 300. మూసుకోదు. సెంట్రింగ్ మనిషి ఒక వైపు బిళ్ళలు పీకేసి బిగిస్తాడు. ఒక పక్క 45 ఉంటే రెండో పక్క 35 మాత్రమే మిగులుతుంది, కమ్మి బోనును ఆపే బిళ్ళ లేదు గనక వైబ్రేటర్ పెట్టినప్పుడు ఇంకా జరిగినా జరుగుతుంది. కృష్ణపట్నం, మైపాడు వైపు కాలమ్‌లు పగిలి తుప్పు బయటపడేది ఇలాంటి పక్కనుంచే.

అందుకే మా మొదటి నియమం: లింకు మారకూడదు, లోపలి షీటే మారాలి. సైటుకిచ్చే పీడీఎఫ్ పేరులో రివిజన్ నంబరు పెట్టం. 'ఫుటింగ్-101' ఎప్పటికీ 'ఫుటింగ్-101'. రివిజన్, తేదీ టైటిల్ బ్లాకులో (షీటు మూలన ఉండే వివరాల పెట్టె) ఉంటాయి. కొత్తది రాగానే కంప్యూటర్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్ ఇన్ఫర్మేషన్‌లో 'మేనేజ్ వెర్షన్స్' తెరిచి 'అప్‌లోడ్ న్యూ వెర్షన్' నొక్కుతాం. పాత లింకు నొక్కినవాళ్లకీ కొత్త షీటే కనపడుతుంది. సైటు షెడ్డులో ఫోల్డర్ క్యూఆర్ కోడ్‌ని లామినేట్ చేసి, కమ్మి వంచే బల్ల పక్కనే అంటిస్తాం. 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెడితే జీమెయిల్ లేని మేస్త్రికీ తెరుచుకుంటుంది. ఇన్ని వాడినా, పెట్టిన ఖర్చుకి ఇంత లాభమిచ్చింది ఈ స్టిక్కర్ ఒక్కటే.

ఇక్కడ తెలియక దెబ్బతినే సంగతి ఒకటుంది. పీడీఎఫ్, డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగు) లాంటి ఫైళ్ల పాత వెర్షన్లను డ్రైవ్ 30 రోజులే ఉంచుతుంది, లేదా వంద వెర్షన్లు దాటితే తీసేస్తుంది. 'కీప్ ఫరెవర్' టిక్కు పెడితేనే నిలుస్తాయి. ఆరు నెలల తర్వాత బిల్లు దగ్గర "ఈ బీము సైజు ఎప్పుడు మార్చారు?" అన్న పేచీ వస్తే చూపించేది ఆ పాత షీటే. టిక్కు మీద కూడా నమ్మకం పెట్టుకోకుండా, మార్చే ముందు పాతదాన్ని రివిజన్ నంబరు జతచేసి 'పాతవి' ఫోల్డర్‌లో కాపీ పెడతాం. మొత్తం నాలుగు ఫోల్డర్లు: తయారవుతున్నవి, పరిశీలనకు, సైటుకు, పాతవి. ఇది మేం కనిపెట్టింది కాదు, 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 (నిర్మాణ సమాచార నిర్వహణకి అంతర్జాతీయ ప్రమాణం) చెప్పే నాలుగు దశలే. మేస్త్రికి కనపడేది మూడోది మాత్రమే.

పర్మిషన్ విషయంలో జాగ్రత్త. ఫోల్డర్‌కిచ్చిన పర్మిషన్ లోపలి ఫైళ్లన్నిటికీ దిగుతుంది. రేట్లు, కొటేషన్లు, ఆర్ఏ బిల్లులు (పని జరిగేకొద్దీ పెట్టే రన్నింగ్ బిల్లులు) అదే ఫోల్డర్ కింద పెట్టి పై ఫోల్డర్ షేర్ చేస్తే సబ్-కాంట్రాక్టర్ చేతికి పక్కవాడి రేటు కూడా వెళ్లిపోతుంది. డబ్బుకి సంబంధించినవన్నీ విడి ఫోల్డర్, విడి షేరింగ్.

ఫైలు ఎవరి పేరున ఉందన్నది ఇంకో పెద్ద సంగతి. మామూలు జీమెయిల్‌లో ఫోల్డర్ మనదైనా, అందులో ఎక్కించిన ఫైలు ఎక్కించినవాళ్లదే. సైటు ఇంజనీరు సొంత జీమెయిల్ నుంచి ఏడాది పాటు ఎక్కించి, ఉద్యోగం మారాక తన ఖాతా శుభ్రం చేసుకుంటే మన రికార్డూ పోతుంది. గూగుల్ వర్క్‌స్పేస్ (సంస్థలు డబ్బు కట్టి వాడే సేవ) బిజినెస్ స్టాండర్డ్, ఆపై ప్లాన్లలో ఉండే షేర్డ్ డ్రైవ్ దీనికి సరైన మందు, అక్కడ ఫైళ్లు సంస్థవే. అంత ఖర్చు వద్దనుకుంటే ప్రాజెక్టు పేరున ఒక జీమెయిల్ తెరిచి అందులోనుంచే ఎక్కించండి. రికవరీకి ఆఫీసు నంబరే ఇవ్వాలి, ఎవరి సొంత నంబరూ కాదు.

ఉచిత 15 జీబీ డ్రాయింగులకి ఎక్కువే, ఫొటోలకి చాలదు. రోజుకి 40 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే రోజుకి 160 ఎంబీ. మూడు నెలలకి నిండిపోతుంది, జీమెయిల్ కూడా అదే జాగాలో ఉంటుంది గనక మెయిళ్లు రావడం ఆగిపోతుంది. కాంక్రీటు వేసే ముందు కమ్మి ఫొటోలు టేపు కనపడేలా, గ్రిడ్ నంబరు సుద్దతో రాసి తీయించాలి. ఆ రెండూ లేని ఫొటో వెయ్యి ఉన్నా ఎం-బుక్ (బిల్లుకి ఆధారమయ్యే కొలతల పుస్తకం) దగ్గర పనికిరాదు. ఫొటోలు ఎక్కించడానికి గూగుల్ ఫారం పెట్టి చూశాం. ఫైలు జతచేసే ప్రశ్న ఉంటే గూగుల్ ఖాతాలోకి లాగిన్ అవ్వాల్సిందే, అక్కడే సగం మంది ఆగిపోయారు. ఇప్పుడు సూపర్‌వైజర్ వరకే ఆ పని.

ఉదయగిరి వైపు, కనిగిరి లోపలి ఊళ్లలో సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టుకుందంటే నెల్లూరు టౌనులోనే కరెంటు, నెట్ రెండూ పోతాయి. ఫోను యాప్‌లో ఆ వారం కావాల్సిన షీట్లను ఒక్కొక్కటిగా 'అవైలబుల్ ఆఫ్‌లైన్' పెట్టుకోవాలి. అయితే నెట్ తగిలేవరకు ఆ ఆఫ్‌లైన్ కాపీ పాతదే. పొద్దున బయల్దేరే ముందే యాప్ తెరిచి ఆ షీట్లు కొత్తవయ్యాయో లేదో చూసుకోవాలి.

కాగితం పోదు. కమ్మి బల్ల దగ్గర తడి చేతులతో ఫోను తెరిచేవాళ్లెవరు? అందుకని ఎ3 ప్రింటు ఇస్తాం, పాత ప్రింటు వెనక్కిస్తేనే కొత్తది. ఎ1 షీటుని ఎ3లో తీస్తే 1:100 కాస్తా 1:200 అవుతుంది. జిరాక్సు షాపులో 'ఫిట్ టు పేజ్' కొడితే ఆ లెక్క కూడా నిలవదు. ప్రింటు మీద స్కేలు పెట్టి కొలవకూడదు, రాసి ఉన్న అంకెనే నమ్మాలి. ఆర్కిటెక్టు డీడబ్ల్యూజీ పంపితే ఎక్స్‌రెఫ్ (దానికి జోడించి ఉండే వేరే డ్రాయింగు ఫైలు) రాక గ్రిడ్ లైన్లు మాయమవుతుంటాయి. ఈ-ట్రాన్స్‌మిట్ చేసిన (జోడింపు ఫైళ్లన్నీ కలిపి కట్టిన) జిప్, పక్కనే పీడీఎఫ్ రెండూ పంపమని మొదటిరోజే అడగండి.

షీట్స్‌లో మేం ఎక్కువగా ఆధారపడేది రెండింటి మీద. ఒకటి డ్రాయింగ్ రిజిస్టర్: ఏ షీటు, ఏ రివిజన్, ఎవరు పంపారు, సైటుకి ఏ తేదీన ఇచ్చాం. రెండోది క్యూబుల (బలం పరీక్షకి పోసే కాంక్రీటు దిమ్మెలు) పట్టిక. 28 ఘనపు మీటర్ల స్లాబుకి ఐఎస్ 456 ప్రకారం మూడు శాంపిళ్లు, శాంపిల్‌కి మూడు చొప్పున తొమ్మిది క్యూబులు. ఏడు రోజుల పరీక్షకి కావాలంటే ఇంకొన్ని అదనంగా పోయాలి. పోసిన తేదీ వేస్తే దానికి పరీక్ష గడువు 28 రోజులు కలిపి, ఆ రోజు గడి ఎర్రబడేలా పెట్టాం. అంతకుముందు తొట్టిలో మర్చిపోయి 35వ రోజు ల్యాబుకి వెళ్లిన క్యూబులు ఉండేవి. ఇప్పుడా బాధ లేదు.

ఆటోడెస్క్ డాక్స్ సంగతి. పైన మేం చేత్తో కాపాడుకునే క్రమశిక్షణంతా అది తానే చేస్తుంది. పేరు పద్ధతి తప్పితే ఫైలుని పక్కన ఆపుతుంది, వెర్షన్లు వాటంతటవే నిలుస్తాయి, ఆమోదం ఎవరి దగ్గర ఆగిందో కనపడుతుంది. రెండు రివిజన్లను ఒకదాని మీద ఒకటి వేసి ఏం మారిందో చూపడం అన్నిటికన్నా నచ్చింది, కవర్ 40 నుంచి 45కి మారిన నోటు కంటికి చిక్కేది అక్కడే. కానీ మనిషికింత అని ఏటా కట్టాలి, ప్రతివాళ్లనీ ఈమెయిల్‌తో చేర్చాలి. ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఫైర్ అన్నీ వేరువేరు కన్సల్టెంట్ల దగ్గరున్న పనికి తీసుకోండి, ఆ ఖర్చు టెండరులోనే వేసుకోండి. నలభై షీట్ల అపార్టుమెంటుకి వద్దు.

పని అప్పగించేటప్పుడు గూగుల్ టేకౌట్‌తో మొత్తం దింపి రెండు హార్డ్ డిస్కుల్లో పెడతాం, ఒకటి ఓనరుకి, ఒకటి మాకు. జిప్పులు ముక్కలుగా వస్తాయి, ప్రతి ముక్కా తెరుచుకుంటోందో లేదో చూశాకే డ్రైవ్‌లోంచి తీయాలి. తర్వాత షేరింగ్‌ని 'రిస్ట్రిక్టెడ్' చేసి, షెడ్డు విప్పే ముందే గోడ మీది క్యూఆర్ స్టిక్కర్ పీకేస్తాం.