డెబియన్ మల్టీఆర్చ్: మూడు రకాల ప్రాసెసర్లకు నా ఒక్క లాప్‌టాపే సరిపోతున్నది

మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తాలు తూచే కాంటాలకు డిస్‌ప్లే బాక్సులు చేసిస్త, లోపట రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటది. పాతయి పై 2, అవి 32 బిట్, కొత్తయి పై 4, వాటిల 64 బిట్ సిస్టమ్ వేసిన, కంపైల్ చేసుడు (రాసిన కోడ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యేటట్టు మార్చుడు) మాత్రం నా ఇంటెల్ లాప్‌టాప్ మీదనే. మూడు రకాల ప్రాసెసర్లకు లైబ్రరీ హెడర్లు (లైబ్రరీల ఏమేమి ఉన్నదో కంపైలర్‌కు చెప్పే ఫైళ్లు) కలవకుంట ఎట్ల పెట్టుకోవాలె అన్నదే తిప్పలు. డెబియన్ 12 అనే లైనక్స్ సిస్టమ్‌ల మల్టీఆర్చ్, అంటే వేరే వేరే ప్రాసెసర్ల లైబ్రరీలు ఒకే సిస్టమ్‌ల పక్కపక్కన పెట్టుకునే ఏర్పాటు, వాడవట్టినంక ఆ తిప్పల తప్పింది.

అంతకుముందు బోర్డుల నుంచి ఇంక్లూడ్ ఫోల్డర్లు చేత్తో కాపీ చేసుకునేటోన్ని. ఒకసారి మేక్‌ఫైల్‌ల (ఎట్ల కంపైల్ చేయాల్నో రాసుకునే ఫైలు) పొరపాటున లాప్‌టాప్ హెడర్ల దారి ఇచ్చిన, ఆర్మ్64 (పై 4ల ఉండే 64 బిట్ ఆర్మ్ రకం) కంపైలర్ "స్టబ్స్-32 డాట్ హెచ్ లేదు" అని ఆగిపోయింది. నేను చేసేది 64 బిట్‌కు, ఇది 32 అంటదేంది అని రెండు రోజులు కొట్టుకున్న, అవుతల మిర్చి సీజన్, అడ్తిదారు "తమ్మీ, కాంటా ఎప్పుడు పెడ్తవే" అని ఒకటే ఫోన్లు. ఆఖరికి స్టబ్స్ డాట్ హెచ్ తెరిచి చూస్తే తెలిసింది, అది ఇంటెల్ 32, 64 రెండింటికి ఉమ్మడిగా రాసిన ఫైలు, ఎక్స్86_64 (64 బిట్ ఇంటెల్) కాదంటే ఇగ 32 బిట్ ఇంటెలే అనుకుంటది, ఆర్మ్ వస్తదని దానికి తెల్వది.

మల్టీఆర్చ్‌ల నాకు నచ్చింది గిదే. అందరికీ ఒక్కతీరుగ ఉండే హెడర్లు యూఎస్ఆర్ ఇంక్లూడ్ ఫోల్డర్‌లనే ఉంటయి, ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ లెక్క. తేడా ఉండేటియి మాత్రం దాని కింద ప్రాసెసర్ పేరుతోటి వేరే ఫోల్డర్‌ల ఉంటయి. ఫైల్ వివరాలు ఇచ్చే స్టాట్ స్ట్రక్చరే చూడున్రి, ఎక్స్86_64 ల 144 బైట్లు, ఆర్మ్64 ల 128, లోపట వరుస కూడ వేరే. గిట్లాంటిది ఉమ్మడిల పెడితే కొంప మునుగుతది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ గూడ గంతే, మిగతా హెడర్లన్ని ఉమ్మడి, కాన్ఫిగరేషన్‌వి మాత్రం ఎవలయి వాళ్లకే.

ఇంటెల్ 32, 64 అన్నదమ్ములసొంటియి, 2008 జనవరిల వచ్చిన 2.6.24 లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కోడ్‌ల రెండు ఫోల్డర్లను ఎక్స్86 అని ఒక్కటి చేసిన్రు. ఆర్మ్, ఆర్మ్64 పేర్లు కలిసినా కెర్నల్‌ల ఇప్పటికీ వేరే కాపురాలే. నేను పేరు చూసి హెడర్లు గూడ ఒక్కటే అనుకున్న.

సెటప్ అల్కగనే ఉన్నది, డీపీకేజీ (డెబియన్ ప్యాకేజీల టూల్) తోని ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్ ఆర్మ్), ఆర్మ్64 చేర్చి అప్‌డేట్ కొట్టి, క్రాస్‌బిల్డ్ ఎసెన్షియల్ (వేరే ప్రాసెసర్‌కు కంపైల్ చేసే క్రాస్ కంపైలర్ల ప్యాకేజీ) వేసుకుంటే అయిపాయె. ఒక్క ఇబ్బంది ఏందంటే, ఒకే లైబ్రరీని రెండు మూడు రకాలకు వేసుకుంటే అన్నిటికి వెర్షన్ అచ్చం ఒక్కటే ఉండాలె, లేకుంటే ప్యాకేజీలు వేసే ఆప్ట్ ఒప్పుకోదు. ఉమ్మడి ఫైలు ఒకటే కాబట్టి అది న్యాయమే గానీ, అర్జెంట్ పని ఉన్ననాడు పానం మీదికొస్తది.

నా లెక్కల ఐదుకు నాలుగున్నర. 32 బిట్ ఇంటెల్ గూడ కావాలనుకునేటోళ్లు మాత్రం జీసీసీ మల్టీలిబ్ (ఒకే కంపైలర్‌తోని 32, 64 రెండు ఇంటెల్‌లకు చేసే ప్యాకేజీ) వేయకున్రి, దానికి ఈ ఆర్మ్ క్రాస్ కంపైలర్లకు పడదు. ఐ686 (32 బిట్ ఇంటెల్) క్రాస్ కంపైలర్ వేరే ఉన్నది, అది వేసుకోన్రి. ఏది వేసినా తీసేసే ప్యాకేజీల లిస్టు ఆప్ట్ చూపిస్తది, అది చదివినంకనే వై కొట్టున్రి.