స్ట్రాట్ తరహా గిటారుకు కొత్త పికప్‌లు, వైరింగ్, పిక్‌గార్డ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మూడు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లతో, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలతో, స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటారు ఒకటి నా దగ్గర ఉంది. దాని మెడ, చెక్క, తీగల కొనలను పట్టి ఉంచే బ్రిడ్జ్ చక్కగా ఉన్నా లోపలి విద్యుత్ సామగ్రి నాసిరకం కావడంతో పికప్‌లు, వైరింగ్, పిక్‌గార్డ్ (ఇవన్నీ బిగించే ముందువైపు ప్లాస్టిక్ పలక) మూడింటినీ ఒకేసారి మార్చాను. అప్పటి నుంచి సాధనకూ, వేదికకూ, రికార్డింగుకూ దాన్నే వాడుతున్నాను. కొత్త పికప్‌లు బిగించిన తొలి రోజుల్లో ఎవరి చెవికైనా అంతా బాగానే వినిపిస్తుంది కాబట్టి, ఆ ఉత్సాహం చల్లారాక ఏది నిలిచింది, ఏది తేలిపోయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను డబ్బు ఎక్కువగా పోసింది పికప్‌ల మీద. రోజూ చేతికి తెలుస్తున్న మార్పు మాత్రం వైరింగ్ వల్ల వచ్చింది.

ముందుగా పికప్‌ల సంగతి. పాతవాటిలో ఉక్కు కడ్డీలు, వాటి అడుగున అతికించిన సిరామిక్ అయస్కాంతం ఉండేవి. కొత్తవాటిలో ఒక్కో తీగ కింద ఉండే కడ్డీయే అల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతం. దాని చుట్టూ 42 గేజ్ సన్నని రాగి తీగ చుట్టి, మైనంలో ముంచి తీశారు. మీటరు పెట్టి కొలిస్తే మెడ వైపు పికప్, మధ్య పికప్ దాదాపు 6 కిలో ఓమ్‌లు చూపిస్తాయి. బ్రిడ్జ్ వైపు దానికి చుట్లు ఎక్కువ గనుక అంకె మరికొంత పెరుగుతుంది. ఈ అంకె ఎంత పెద్దదైతే పికప్ అంత గట్టిగా పలుకుతుందని చాలామంది నమ్ముతారు గానీ, రాగి తీగ మందమూ అయస్కాంతం రకమూ ఒకటే అయినప్పుడు తప్ప ఆ పోలికకు అర్థం లేదు.

ధ్వనిలో మార్పు నిజమే. ముఖ్యంగా మెడ వైపు పికప్‌లో, పిక్ తీగను తాకిన తొలి క్షణం స్పష్టంగా వినిపిస్తుంది. మెల్లగా మీటితే మృదువుగా, గట్టిగా మీటితే కరుకుగా పలకడం పాత పికప్‌లలో ఇంతగా ఉండేది కాదు. అయితే ఈ తేడా ఒంటరిగా, శుభ్రమైన ధ్వనితో వాయిస్తున్నప్పుడే పూర్తిగా తెలుస్తుంది. డ్రమ్స్, బేస్ తోడైతే సగం తగ్గుతుంది, డిస్టార్షన్ (ధ్వనిని కావాలని కరుకు చేయడం) పెంచితే దాదాపు మాయమవుతుంది. ఎప్పుడూ డిస్టార్షన్‌తోనే వాయించేవారు ఈ ఖర్చు గురించి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

ఈ సెట్‌పై నాకున్న అసలు ఫిర్యాదు కడ్డీల ఎత్తు గురించి. 1950లలో మూడో తీగ కూడా చుట్టు తీగే (పైన మరో సన్నని తీగ చుట్టినదే) కావడంతో, దాని కింది కడ్డీని మిగతా వాటికన్నా పైకి లేపి తయారుచేసేవారు. ఇప్పుడు మనం వాడే సెట్లలో మూడో తీగ సాదా తీగ. అయినా పాత పద్ధతిని అనుసరించే పికప్‌లలో ఆ కడ్డీ ఎత్తు అలాగే కొనసాగుతోంది. ఫలితంగా కార్డ్ వాయించినప్పుడల్లా మూడో తీగ మిగతావాటిని మించి వినిపిస్తుంది, ఎంత వాడినా ఆ అసమానత చెవికి అలవాటు కాలేదు. కడ్డీని వేలితో కిందికి నొక్కితే సరి అని సలహా ఇచ్చేవారున్నారు కానీ, ఈ రకం పికప్‌లలో రాగి తీగ నేరుగా అయస్కాంతం మీదే చుట్టి ఉంటుంది కాబట్టి కడ్డీ కదిలితే ఆ రాగి తీగ తెగి పికప్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఆధునిక తీగలు వాడేవారు కడ్డీలన్నీ సమానంగా ఉన్న రకాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం.

పికప్ ఎత్తు సరిచేయడం స్క్రూడ్రైవర్ పని, ఖర్చు లేనిది. అయస్కాంతం తీగకు మరీ దగ్గరైతే తీగను తనవైపు లాగుతుంది. అప్పుడు అన్నిటికన్నా మందమైన ఆరో తీగను పై ఫ్రెట్‌ల (మెడ మీది లోహపు గీతల) దగ్గర నొక్కినప్పుడు స్వరం అలల్లా వణుకుతుంది, శ్రుతి ఎన్నిసార్లు సరిచూసినా కుదరదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, మందపు తీగ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్నపు తీగ వైపు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, అక్కడి నుంచి చెవిని బట్టి మార్చుకుంటూ వచ్చాను.

ఇక వైరింగ్. పాత చిన్న పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగాలు) తీసేసి 250 కిలో ఓమ్‌ల పెద్ద పాట్‌లు పెట్టాను. పాట్ మీద 250 అని ఉన్నా అసలు విలువ ఇరవై శాతం వరకూ అటూ ఇటూ ఉండవచ్చు. విలువ తగ్గితే పై స్వరాల మెరుపు కూడా తగ్గుతుంది. అందుకే బిగించే ముందు అన్నిటినీ కొలిచి, ఎక్కువ విలువ చూపినదాన్ని వాల్యూమ్‌కు వాడాను. వాల్యూమ్ తగ్గిస్తే ధ్వని మసకబారకుండా, పాట్ లోపలికి వచ్చే కొనకూ మధ్య కొనకూ నడుమ 680 పికోఫారడ్‌ల కెపాసిటర్‌నూ 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌నూ సమాంతరంగా టంకం వేశాను. ఆంప్లిఫైయర్‌ను కాస్త కరుకుగా ఉంచి గిటారు వాల్యూమ్‌తోనే శుభ్రమైన ధ్వనికి రావడం దీనివల్ల సాధ్యమైంది. ఇప్పుడు ధ్వని మార్చే పెడల్ తొక్కడం బాగా తగ్గింది.

అన్నిటికన్నా చౌకైన మార్పే అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఈ తరహా గిటార్ల మూల పద్ధతిలో మెడ వైపు పికప్‌కు ఒక టోన్ (మెరుపు తగ్గించే నాబ్), మధ్య పికప్‌కు మరొక టోన్ ఉంటాయి, చెవిని గుచ్చే బ్రిడ్జ్ పికప్‌కు మాత్రం ఏమీ ఉండదు. స్విచ్ మీద రెండు కొనలను చిన్న వైరు ముక్కతో కలిపితే రెండో టోన్ బ్రిడ్జ్‌కు కూడా పనిచేస్తుంది. ఆ టోన్‌ను కొద్దిగా వెనక్కి తిప్పిన తర్వాతే బ్రిడ్జ్ పికప్ నాకు వాడదగినదిగా అనిపించింది. టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్‌లకు బదులు 0.022 పెట్టడం వల్ల, టోన్ పూర్తిగా తగ్గించినా ధ్వని బురదలో కూరుకుపోదు.

ఐదు స్థానాల స్విచ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మొదట్లో ఈ గిటార్లకు మూడు స్థానాలే ఉండేవి. వాయించేవారు స్విచ్‌ను మధ్యలో ఇరికించి రెండేసి పికప్‌లు కలిపేవారు, 1977లో ఐదు స్థానాల స్విచ్ వచ్చింది. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా మార్చడం వల్ల రెండేసి పికప్‌లు కలిసే రెండో, నాలుగో స్థానాల్లో రొద రద్దవుతుంది. మిగతా మూడింటిలో రొద ఉంటుంది. లోపలి గుంటంతా రాగి టేపు అంటించి గ్రౌండ్‌కు కలిపాను, గరగర శబ్దం బాగా తగ్గింది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వచ్చే గుమ్మనే రొద ఈ టేపుకు లొంగదు, ఎందుకంటే అది అయస్కాంత క్షేత్రం ద్వారా కాయిల్‌లోకి చేరుతుంది. రాగి టేపుతో నిశ్శబ్దం వస్తుందని ఆశించేవారికి నిరాశ తప్పదు.

పిక్‌గార్డ్ అందానికే అనుకున్నాను. 1954 నాటి తొలి రూపంలో ఒకే పొర, 8 స్క్రూలు ఉండేవి. 1959లో మూడు పొరలు, 11 స్క్రూలు వచ్చాయి. నేను తీసుకున్నది రెండో రకం. నాలుగు రంధ్రాలు పాతవాటితో కలవలేదు; పాత రంధ్రాల్లో జిగురు పూసిన పుల్లలు దిగ్గొట్టి, ఆరాక కొత్తవి వేయాల్సివచ్చింది. కొనేముందు కాగితం మీద నమూనా గీసి సరిచూసుకోవడం మేలు. పొడి వాతావరణంలో ప్లాస్టిక్‌ను వేళ్లు రాసుకుంటే చిటపటలు వినిపిస్తాయి, వెనుక వైపు రేకు అంటిస్తే అవి ఆగిపోతాయి.

ఇన్నాళ్లలో అరిగినవి కొన్నే. పికప్‌ల కింద స్ప్రింగుల బదులు పెట్టిన రబ్బరు గొట్టాలు గట్టిపడి ఎత్తు నిలవకపోవడంతో స్ప్రింగులే పెట్టాను. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) నట్టు అప్పుడప్పుడూ వదులవుతుంది, బిగించేటప్పుడు లోపలి భాగం తిరగకుండా పట్టుకోకపోతే వైరు తెగుతుంది. టంకం ఎక్కడా ఊడలేదు. సామగ్రి అంతా పిక్‌గార్డ్ మీదే ఉంది కాబట్టి, జాక్‌కు వెళ్లే రెండు వైర్లు, బ్రిడ్జ్ స్ప్రింగుల గ్రౌండ్ వైరు ఒకటి విప్పితే మొత్తం ఒక్క పలకగా బయటికి వస్తుంది. కడ్డీలు సమానంగా ఉన్న మరో సెట్‌ను ఇదే వైరింగ్‌తో ఇంకో పిక్‌గార్డ్ మీద అమర్చుతున్నాను. మూడో తీగ ఫిర్యాదు దానితో తీరాలి.