బేస్‌మెంట్‌లో రేడాన్: ఏ పరీక్షను నమ్మాలి, దేనికి డబ్బు పెట్టాలి?

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారి బేస్‌మెంట్ ఖాళీగా ఉండడం అరుదు. ఆరు నెలల కోసం ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పడకగది అక్కడే అమరుతుంది. పిల్లల ఆట సామాను, ఇంటి నుంచి పనిచేసేవారి బల్ల కూడా అక్కడికే చేరతాయి. నేలలోని యురేనియం క్రమంగా రేడియంగా, ఆ రేడియం రేడాన్‌గా మారుతూ ఉంటుంది. రంగూ వాసనా లేని ఆ రేడియోధార్మిక వాయువు కాంక్రీటు బీటల్లోంచి, నేల కింది నీరు చేరే సంప్ గుంటలోంచి మొదట చేరేది ఆ గదికే.

పెన్సిల్వేనియా నుంచి ఉత్తర న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ వైపు సాగే రీడింగ్ ప్రాంగ్ అనే రాతి పట్టీలో యురేనియం ఎక్కువ. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్‌ను పసిగట్టే యంత్రాలు స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరును చూసి మోగాయి. అప్పటికి ఆ కేంద్రం ఇంకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టలేదు. ఆరా తీస్తే ఆ రేడియేషన్ ఆయన ఇంటి నుంచి వచ్చినదని తేలింది. ఆ ఇంట్లో లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) రేడాన్ ఉంది. 4 పికోక్యూరీలు గానీ అంతకు మించి గానీ ఉంటే మరమ్మతు చేయించాలనీ, 2కూ 4కూ మధ్య ఉన్నా ఆలోచించాలనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఇంకా తక్కువ: ఘనపు మీటరుకు 100 బెకెరెళ్లు (అదే కొలతకు మరో ప్రమాణం), అంటే లీటరుకు దాదాపు 2.7 పికోక్యూరీలు. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు రేడాన్ కారణమని అక్కడి అంచనా.

పరీక్షకు దారులు ప్రధానంగా మూడు. అందరికీ తెలిసినది బొగ్గు డబ్బా, అంటే గాలిలోని రేడాన్‌ను పట్టి ఉంచే బొగ్గు నింపిన చిన్న డబ్బా. మూత తీసి, నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తున రెండు మూడు రోజులు ఉంచి, మళ్లీ మూత బిగించి ప్రయోగశాలకు పంపాలి. ఖర్చు తక్కువ, జవాబు త్వరగా వస్తుంది. ఇల్లు కొనే హడావుడిలో ఉన్నవారికి ఇంతకంటే అనువైనది లేదు. అయితే పరీక్షకు 12 గంటల ముందు నుంచీ, పరీక్ష ముగిసేదాకా కిటికీలు మూసి ఉంచాలి. డబ్బాను పోస్టు చేయడంలో బద్ధకించడానికీ వీల్లేదు: రేడాన్ 3.8 రోజులకు సగమైపోతుంది కనుక, వంటగది గట్టు మీద వారం రోజులు మరచిపోయిన డబ్బా నమ్మదగిన జవాబు ఇవ్వదు.

బొగ్గు డబ్బాకు అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. రేడాన్ రోజుకొక తీరుగా ఉంటుంది. చలికాలంలో ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి బయటికి పోతుంటే, ఆ లోటును పూడ్చడానికి ఇల్లు నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. అందుచేత సెప్టెంబరులో 3 చూపిన గది జనవరిలో 5 చూపినా ఆశ్చర్యం లేదు. ఈ హెచ్చుతగ్గులను సరిచేసేది ఆల్ఫా ట్రాక్ పరీక్ష. చిన్న ప్లాస్టిక్ ముక్క మీద రేడాన్ వెలువరించే ఆల్ఫా కణాలు వదిలిన గీతలను ప్రయోగశాలలో లెక్కిస్తారు. మూడు నెలలకు పైగా, వీలైతే ఏడాది పాటు ఉంచితే మనం నిజంగా పీల్చిన గాలి సగటు తెలుస్తుంది. ఓపికే దీనికి పెట్టుబడి.

మూడోది గోడ మీద గానీ బల్ల మీద గానీ పెట్టుకునే డిజిటల్ మానిటర్. ధర ఎక్కువే, కానీ మరమ్మతు తర్వాత కూడా అంకెను గమనిస్తూ ఉండడానికి పనికొస్తుంది. ఇంట్లో స్థిరపడి ఉన్నవారికి నా ఓటు దీనికే. రోజూ అంకె చూసి కంగారుపడే స్వభావం ఉన్నవారు మాత్రం ఆల్ఫా ట్రాక్ పెట్టి మరచిపోవడం మేలు.

అంకె ఎక్కువగా వచ్చాక చాలామంది మొదట చేసేది బీటలకు సీలెంట్ పూయడం. కంటికి కనిపించే పని కనుక తృప్తినిస్తుంది, అంతే. సీలింగ్ ఒక్కటే రేడాన్‌ను నికరంగా తగ్గించినట్లు రుజువు కాలేదని పర్యావరణ సంస్థే చెబుతోంది. అది మరో పద్ధతికి తోడుగా మాత్రమే పనికొస్తుంది. కిటికీలు తెరిస్తే అంకె వెంటనే దిగుతుంది గానీ, మూసిన 12 గంటల్లోపే చాలావరకు మొదటికి వస్తుంది. జనవరి చలిలో ఎన్నాళ్లు తెరిచి ఉంచగలం? గాలిని బయటికి తోసే ఫ్యాన్ బిగిస్తే ఒక్కోసారి లోపలి పీడనం తగ్గి, నేలలోంచి రేడాన్ ఇంకా ఎక్కువగా రావచ్చు. వేడి పోకుండా గాలిని మార్చే హెచ్‌ఆర్‌వీ యంత్రం కొంత నయం, అయినా సగానికి మించి తగ్గుతుందని ఆశించలేం.

మిగిలినది స్లాబు కింది నుంచి గాలిని లాగే పద్ధతి. మన దగ్గర స్లాబంటే ఇంటి పైకప్పు, అక్కడ నేల. ఈ తేడా తెలియక అంచనా కాగితం చదివి తికమకపడినవారిలో నేనూ ఉన్నాను. కాంక్రీటు నేలకు రంధ్రం చేసి, కింది కంకరలో చిన్న గుంట తవ్వి, అందులోకి పీవీసీ గొట్టం దించి, దాన్ని పైకప్పు దాటించి, మధ్యలో ఒక ఫ్యాన్ పెడతారు. ఆ ఫ్యాన్ నివసించే గదుల్లో గానీ బేస్‌మెంట్‌లో గానీ ఉండకూడదు. అటకలోనో ఇంటి బయటో ఉండాలి. లేకపోతే గొట్టంలో చిన్న చీలిక వచ్చినా రేడాన్ ఇంట్లోకే చేరుతుంది. సంప్ గుంటకు గాలి చొరని మూత వేస్తారు. రేడాన్ ఇంట్లోకి వచ్చాక పలుచన చేయడానికి బదులు, రాకముందే దారి మళ్లించడం ఇందులోని కీలకం. 99 శాతం దాకా తగ్గించగల శక్తి దీనికే ఉంది. వెయ్యి డాలర్లు దాటే ఖర్చు, ఆగకుండా తిరిగే ఫ్యాన్‌కు కరెంటు బిల్లు భరించాల్సిందే. పనివారికి రాష్ట్రపు ధ్రువపత్రం ఉందో లేదో న్యూజెర్సీలో ముందే చూసుకోవాలి.

పని ముగిశాక గొట్టానికి యూ ఆకారంలో రంగు ద్రవం ఉన్న చిన్న నాళం తగిలించి వెళతారు. రెండు వైపులా ద్రవమట్టం సమానంగా ఉందంటే ఫ్యాన్ ఆగిపోయిందని అర్థం. ఎగుడుదిగుడుగా ఉంటే గొట్టం లాగుతున్నట్టు. గదిలో రేడాన్ ఎంతుందో అది చెప్పదు. అందుకే ఫ్యాన్ నడిచిన 24 గంటల తర్వాత, 30 రోజుల లోపు మళ్లీ పరీక్షించాలి. ఆ పైన రెండేళ్లకొకసారి. అమ్మానాన్నల మంచాన్ని కిందికి దించేది ఆ మొదటి అంకె చూశాకే.