పాత ఎస్టీమ్‌కి స్ప్రింగులు: 5 కిలోలతో రెండేళ్లు, 2.4 కిలోలతో నాలుగేళ్లు

నాది 2004 మారుతి ఎస్టీమ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కాస్త కిందికి దించి, మలుపుల్లో ఒరగకుండా గట్టి చేయాలన్న పిచ్చి ఆరేళ్ల కిందట పట్టింది. మా మెకానిక్ వెంటనే కట్టర్ తీశాడు. "ఒక చుట్టు కోసేస్తే అయిపోతది సార్, పైసా ఖర్చుండదు" అన్నాడు. నిజమే, పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి కోయగానే స్ప్రింగు గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. కానీ కోసిన కొస స్ప్రింగు సీటులో, అంటే స్ప్రింగు ఆనుకునే గిన్నెలో, సరిగ్గా కూర్చోదు. వద్దన్నాను. ఆ మాత్రం తెలివితో ఆగక, ఆన్‌లైన్లో ఒక సెట్ తెప్పించాను. ముందు స్ప్రింగులు 5 కిలోలు, దింపుడు 40 మి.మీ. కిలోలంటే ఇక్కడ స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి పెట్టాల్సిన బరువు.

మొదటి ఆదివారం వికారాబాద్ వైపు అనంతగిరి ఘాట్‌కి వెళ్లాను. కారు పట్టాల మీద పోతున్నట్టే ఉంది. సంబరం ఆ ఒక్క రోజే. సోమవారం మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ప్రతి అతుకూ వెన్నుపూసల్లో లెక్కకొచ్చింది. అమ్మ అయితే "దీనికన్నా ఆటో నయం రా" అని ముందు సీట్లో కూర్చోవడమే మానేసింది. చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ స్ట్రట్‌కీ (స్ప్రింగు, షాకబ్జరు కలిసుండే కాలు) మధ్య మిగిలింది 30 మి.మీ.లే కాబట్టి స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, దబ్ మనేది.

అన్నిటికన్నా విసిగించింది గుంతల్లో వచ్చే "టక్" చప్పుడు. రెండుసార్లు స్ట్రట్ మౌంట్లు మార్చాం. లింక్ రాడ్లు, బాల్ జాయింట్లు కూడా అయ్యాయి. చప్పుడు పోలేదు. ఒకరోజు జాకీ ఎత్తి, చక్రం వేలాడుతుండగా స్ప్రింగు పట్టుకుంటే చేతిలో గిర్రున తిరిగింది! అది అసలు బిగువుగానే లేదు.

అప్పుడు లెక్కలోకి దిగాను. వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే పెట్టించి తూయిస్తే, నాతో కలిపి 580 కిలోలు. ఒక్కో చక్రానికి 290, అందులో స్ప్రింగు మోయని చక్రం, హబ్, బ్రేకు కింద ఓ 35 తీసేస్తే 255. 5 కిలోల స్ప్రింగు ఆ బరువుకి నలిగేది 51 మి.మీ. గుంతలో చక్రం కిందికి జారడానికి కంపెనీ ఎత్తులో 80 మి.మీ. జాగా ఉంటే, 40 దించాక 120 అయింది. 51 దాటాక చక్రం జారుతూనే ఉంటుంది, స్ప్రింగు మాత్రం వదులైపోయి, తిరిగొచ్చి సీటుని కొడుతుంది. టక్!

పాత స్ప్రింగు అటక మీద దొరికింది. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో డ్రిల్లింగ్ మెషీన్ కింద ఇంట్లోని బరువు చూసుకునే మెషీన్ పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి నొక్కాం. 25 మి.మీ.కి 43 కిలోలు చూపించింది, అంటే 1.7. షాపాయన "ఇదేం పరీక్ష అన్నా" అని నవ్వాడు గానీ ఆ అంకె నాకు బాగా అక్కరకొచ్చింది. 1.7కి కారు ముందు భాగం సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది. 5 కిలోలకి 2.2 సార్లు. మన రోడ్ల మీద రోజూ తిరిగే కారుకి అది చాలా ఎక్కువ. పైగా కంపెనీ రకం షాకబ్జర్లు ఆ గట్టిదనాన్ని పట్టలేవు, వాటి పట్టు 70 శాతం పెరగాలి.

సెకనుకు 1.5 దగ్గర ఆగుదామనుకున్నాను. దానికి 2.4 కిలోలు కావాలి. నలిగేది 106 మి.మీ. 25 మాత్రమే దించితే కింది జాగా 105, కాబట్టి స్ప్రింగు దాదాపు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. రబ్బరుకి ముందు 45 మిగులుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గట్టి స్ప్రింగు తక్కువ నలుగుతుంది కదా, పాత పొడవుతోనే చేయిస్తే కారు 44 మి.మీ. పైకి లేస్తుంది! అందుకే 70 మి.మీ. పొట్టిగా చేయించాను. స్ప్రింగు చేసేవాళ్లు "తీగ ఒక్క మిల్లీమీటరు లావు వేస్తే ఏమైతది" అన్నారు. 11కి బదులు 12 వేస్తే ఒక్క దెబ్బకి 42 శాతం గట్టిపడుతుంది, అదీ అయ్యేది. నాలుగింటికీ కలిపి 9,000 లోపే అయింది.

ఇంకా దించకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ముందున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. మరీ దించితే చక్రాన్ని పట్టుకునే కింది ఆర్ములు పైకి వాలి, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారుకన్నా ఎక్కువగా దిగిపోతుంది. ఒరుగుడు తగ్గాలని దించితే ఒరిగే గుణమే పెరుగుతుందన్నమాట.

వెనక స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, ఆర్మ్ మీద లోపలికి కూర్చుంటుంది. నేను కొలిస్తే, ఆర్మ్ కీలు నుంచి చక్రం దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంది. ఆ నిష్పత్తిని వర్గం చేయాలి కాబట్టి నేను వేయించిన 4 కిలోల స్ప్రింగు చక్రం దగ్గర 1.8 కిలోలే పనిచేస్తుంది. ఒక్కణ్నే ఉంటే 1.7 సార్లు, వెనక ముగ్గురెక్కితే 1.3 సార్లు ఊగుతుంది.

నాలుగేళ్లలో 46,000 కిలోమీటర్లు తిరిగాను. మొదటి మూడు నెలల్లో 4 మి.మీ. కుంగి, అక్కడే ఆగింది. దించగానే అలైన్‌మెంట్ చేయించాను, టైర్లు సమంగానే అరిగాయి. టక్ చప్పుడు మళ్లీ వినలేదు. అనంతగిరిలో 5 కిలోలంత పదును లేదు, ఆ లోటు ఉంది. ఒంటరిగా వెళ్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే అతుకుల మీద వెనక భాగం ఇంకా చిన్నగా ఎగురుతుంది, మళ్లీ చేయిస్తే వెనక 3.5 వేయిస్తాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద మాత్రం నలుగురుంటే ముందు బంపర్ ఇప్పటికీ గీసుకుంటుంది, అందుకని ఇద్దరు దిగి నడుస్తారు. అమ్మ మాత్రం దిగదు, ముందు సీట్లోనే కూర్చుంటుంది.