తెల్లపావులతో మొదటి ఎత్తు: ఈ4, డీ4లలో ఏది మేలు?

2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో గుకేశ్‌కు ఏడు గేముల్లో తెల్లపావులు వచ్చాయి. మూడింటిలో రాజు ముందున్న బంటును రెండు గడులు జరిపే ఈ4, రెండింటిలో మంత్రి (క్వీన్) ముందున్న బంటును అలాగే జరిపే డీ4 ఆడాడు. మిగిలిన రెండింటిలో గుర్రాన్ని ఎఫ్3కి దూకించాడు. ఈ4తో ఒక్క గెలుపూ దక్కలేదు. పైగా తొలి గేములోనే ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఆడిన ఫ్రెంచ్ డిఫెన్స్ (ఈ4కు నల్లపావుల జవాబుల్లో ఒకటి) ముందు గుకేశ్ ఓడిపోయాడు. డీ4తో మూడో గేము, ఎఫ్3 గుర్రంతో పదకొండో గేము గెలిచాడు.

దీన్ని బట్టి ఈ4ను పక్కన పెట్టేయకండి. ఆ గేముల ఫలితం తేలింది మొదటి ఎత్తు దగ్గర కాదు. పదకొండో గేమునే చూడండి: 28వ ఎత్తులో డింగ్ పొరపాటు చేశాడు, వెంటనే గుకేశ్ మంత్రితో సీ6 గడిలోని గుర్రాన్ని కొట్టాడు, ఆట ముగిసింది. ఆ స్థాయిలో మొదటి ఎత్తు ప్రత్యర్థి సిద్ధపడి వచ్చిన దారి నుంచి తప్పించడానికే ఎక్కువగా పనికొస్తుంది. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్ చేసిందీ అదే. ఈ4 తప్ప మరొకటి ఆడడనుకున్న మనిషి రెయిక్యవీక్‌లో ఆరో గేమును సీ4తో మొదలుపెట్టి గెలిచాడు.

మనలాంటి వాళ్లకు కావలసిన లెక్క వేరు. ఏ ఎత్తు ఆట బాగా నేర్పుతుంది? నా ఓటు ఈ4కే.

రాజు ముందున్న బంటు రెండు గడులు జరిగితే మంత్రికీ శకటు (బిషప్)కూ ఒకేసారి దారి తెరుచుకుంటుంది. ఈ4తో మొదలయ్యే ఇటాలియన్ ఆటలో శకటు సీ4కి చేరి, నల్లరాజు తప్ప మరెవరూ కాపాడని ఎఫ్7 బంటుపై గురిపెడుతుంది. నల్లవాడు రెండు గుర్రాలనూ బయటికి తీశాడనుకోండి. తెల్లగుర్రం జీ5కి వెళుతుంది, అతను డీ5తో అడ్డుపడతాడు, బంట్లు మారతాయి. అతను ఆ బంటును గుర్రంతో తీసుకున్నాడా, మన గుర్రం ఎఫ్7లో దూకుతుంది, రాజు దాన్ని తీసుకుంటాడు, మంత్రి ఎఫ్3 నుంచి రాజుకు చెక్ చెబుతుంది. డీ5 గుర్రం దక్కాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకు రావాలి. కోటకట్టడం (రాజును మూలవైపు దాచుకోవడం) ఎందుకో పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

డీ4 బంటుకు మొదటినుంచీ మంత్రి కాపలా ఉంటుంది. ఈ4 బంటుకు ఎవరూ ఉండరు. అందుకే డీ4 ఆట నిలకడగా సాగుతుంది. కానీ అందులోని అందం ఆలస్యంగా తెలుస్తుంది. డీ4తో మొదలయ్యే క్వీన్స్ గాంబిట్‌లో బంట్లు మారాక బీ బంటును మెల్లగా బీ5 దాకా నడిపించి, సీ6 బంటును బలహీనం చేసి, ఏనుగుల (రూక్‌ల)తో దానిపై ఒత్తిడి పెట్టాలి. అంత ఓపిక ఎండ్‌గేమ్ (పావులు తక్కువ మిగిలిన చివరి దశ) కొంత తెలిశాకే వస్తుంది. అప్పుడు డీ4కు మారితే లాభమే.

ఈ4తో చాకిరీ ఎక్కువన్నది నిజమే. నల్లవాడు ఆడే సిసిలియన్, ఫ్రెంచ్, కారోకాన్, ఈ5, అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకోవాలి. బెర్లిన్ డిఫెన్స్ గోడ గురించి మాత్రం బెంగపడనక్కర్లేదు. 2000లో లండన్‌లో ప్రపంచ టైటిల్ పోరులో క్రామ్నిక్ దాని అండతో కాస్పరోవ్‌కు ఒక్క గేమూ ఇవ్వలేదు కానీ, మన వారాంతపు టోర్నమెంట్లలో అంత బాగా ఆడేవాళ్లు అరుదు. అది మన శకటు బీ5కి వెళ్లినప్పుడే ఎదురవుతుంది, సీ4కి వెళితే ఆ సమస్యే రాదు.

ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒకసారి ఆడేవారికైతే డీ4తో మొదలయ్యే లండన్ సిస్టమ్ మేలు. శకటు ఎఫ్4లో, బంట్లు ఈ3, సీ3లలో. ఎదుటివారు ఏం చేసినా దాదాపు ఇదే అమరిక. 2023లో ఆస్తానాలో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డింగ్ ఆరో గేమును దీనితోనే నెగ్గాడు. పదేళ్ల పిల్లలకు మాత్రం దాన్ని నేర్పవద్దనే అంటాను. ఒకే అమరికకు అలవాటుపడితే ప్రత్యర్థి ఎత్తును చూడకుండానే తర్వాతి పావును జరిపేస్తారు.